పదాల గళ్ళలో మహాకవి

మహాకవుల జీవితాలను స్మరించేటప్పుడు వారు రచించిన గ్రంథాలను, పొందిన బిరుదులను, పాల్గొన్న ఉద్యమాలను వరుసగా చెప్పుకోవడం ఆనవాయితీ. తీరిక వేళల్లో వారు ఏమి చేసేవారన్న విషయాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. కాని ఒక మనిషి దేనితో ఆడుకొనేవాడో తెలిస్తే, అతడు దేనిని ప్రేమించాడో తెలుస్తుంది. శ్రీశ్రీ పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ఆ పేరు వినగానే బిగించిన పిడికిలి, ఎర్రజెండా, ఆకలిగొన్న జనసమూహం మన మనస్సులో మెదలుతాయి. అదే కవి నల్లగళ్ళు, తెల్లగళ్ళు గీసిన కాగితం మీద ఒక్కొక్క అక్షరాన్ని పొదుగుతూ, పాఠకుని బుద్ధికి చిక్కుముళ్ళు వేసేవాడని మనలో ఎందరికి తెలుసు? వారపత్రిక పాఠకులకు పదబంధ ప్రహేళిక అన్న పేరుతో గళ్ళ ఆటను రుచి చూపినవారిలో అగ్రగణ్యుడు శ్రీశ్రీ. ఆ గవాక్షం నుండి ఆయన జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఆయన విషయంలో ఆట వేరు, పోరాటం వేరు కావని, రెండూ మాటను మలిచే ఒకే కృషికి రెండు ముఖాలని మేము విశ్వసిస్తున్నాము.

జననం – విద్యాభ్యాసం

శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలో జన్మించారు. తండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్య, తల్లి అప్పలకొండ. శ్రీరంగం వారి కుటుంబానికి దత్తత వెళ్ళడం వల్ల ఆయన శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని, సొంతపేరులోని మొదటి అక్షరాన్ని తీసి ప్రక్కప్రక్కన నిలిపితే శ్రీశ్రీ అయింది. పెద్దల పేర్లకు ముందు మర్యాదకై చేర్చే అక్షరమే రెండుసార్లు పలికి ఒక మనిషి పేరుగా నిలిచింది. ఇది కూడ ఒక చిన్న ప్రహేళికయే. కవి కలంపేరులోనే అక్షరాల ఆట మొదలైనదని గ్రహించాలి.

పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఈ బాలుడు పుస్తకాల నడుమ పెరిగాడు. పద్యరచన చిన్ననాడే అబ్బింది. 1928లో, అనగా పద్దెనిమిదవ ఏట, ప్రభవ అన్న పద్యసంపుటి వెలువడింది. అటుపిమ్మట మద్రాసులో చదివి 1931లో జంతుశాస్త్రం ప్రధానాంశంగా బి.ఏ. పట్టం పొందారు. పట్టం చేతికి వచ్చినా స్థిరమైన జీవనోపాధి దొరకలేదు. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా, దినపత్రికలో ఉపసంపాదకుడిగా, రేడియోలో ఉద్యోగిగా, ఇంకా ఎన్నో చోట్ల ఎన్నో కొలువులు చేశారు. ఏ కొలువూ ఆయనను ఎక్కువకాలం నిలుపుకోలేదు. ఎక్కడ ఉన్నా వెంట ఉన్నది మాట ఒక్కటే.

ఛందస్సు అనే తొలి గళ్ళు

తెలుగు పద్యాన్ని శ్రద్ధగా గమనించిన వారికి ఒక సత్యం తోస్తుంది. పద్యం కూడ గళ్ళ నిర్మాణమే. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. చంపకమాలలో 21 అక్షరాలు, పదకొండవది యతిస్థానం. ఇక ప్రాసను చూడండి. నాలుగు పాదాలలోను రెండవ అక్షరంగా ఒకే హల్లు రావాలి. పాదాలు అడ్డంగా సాగుతుంటే ప్రాస నిలువుగా దిగుతుంది. అడ్డం, నిలువు కలిసే చోట అక్షరం తప్పరాదన్న నియమాన్ని మన పూర్వకవులు వేయి సంవత్సరాలుగా పాటిస్తూనే వచ్చారు. గళ్ళ ఆట పేరు క్రొత్తదే గాని, దాని వెనుకనున్న క్రమశిక్షణ మనకు క్రొత్త కాదు.

శ్రీశ్రీ మొదట ఆ గళ్ళలోనే చేయి తిప్పుకున్నారు. తరువాత 1930ల మధ్యకాలంలో మహాప్రస్థానం గీతాలను వ్రాస్తూ, ఆ గళ్ళను చెరిపివేసి మాత్రాఛందస్సుల నడకకు, వాడుకభాష ఊపుకు దారి ఇచ్చారు. 1950లో పుస్తకరూపంలో వెలువడిన ఆ సంపుటి తెలుగు కవిత్వాన్ని మలుపు త్రిప్పింది. ఛందస్సు రాక ఆయన దానిని విడిచిపెట్టలేదు, బాగా వచ్చి విడిచిపెట్టారు. కట్టుబాటు లోపలి రుచి ఎరిగినవాడు గనుకనే కట్టుబాటును ఎక్కడ తెంచాలో ఆయనకు తెలిసింది. నియమాలు నేర్చుకొనకుండనే నియమాలను ధిక్కరించదలచే యువకవులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

పెదవుల గళ్ళు

1950 శ్రీశ్రీ జీవితంలో మరొక కారణం చేత కూడ ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు విడుదలైన ఆహుతి చిత్రం హిందీ నుండి తెలుగులోకి డబ్బింగు చేయబడింది. దానికి మాటలు, పాటలు సమకూర్చినవారు శ్రీశ్రీ. డబ్బింగు రచన ఎంత కఠినమైనదో ఆలోచించండి. తెర మీద నటుని పెదవులు ముందే కదిలిపోయి ఉన్నాయి. అతడు పెదవులు కలిపిన చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు రావాలి. నోరు తెరిచిన చోట ఆకారం వంటి దీర్ఘం పడాలి. అతడు ఆగిన చోట మాట ఆగాలి. ఇన్ని షరతుల మధ్య అర్థం చెడకూడదు, తెలుగుదనం పోకూడదు. ఇతరులు గీసి ఇచ్చిన గళ్ళలో తన మాటలను పొదగడం కాక ఇది మరేమిటి? పొట్టకూటికై చేపట్టిన ఈ పనిలో కూడ శ్రీశ్రీ నైపుణ్యం రాణించడానికి ఆయనకున్న పదక్రీడాభిరుచి తోడ్పడిందని మేము భావిస్తున్నాము. సినిమా పాటల రచయితగా ఆయన ఖ్యాతి అంతటితో ఆగలేదు. 1974లో వెలువడిన అల్లూరి సీతారామరాజు చిత్రంలోని పాటకు ఉత్తమ గీతరచనకు జాతీయ బహుమతి లభించింది.

పదబంధ ప్రహేళిక

ప్రహేళిక అన్నది ప్రాచీనమైన మాట. అరువది నాలుగు కళలలో దానిని ఒకటిగా లెక్కించారు. దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికలను పదహారు విధాలుగా విభజించాడు. క్రీడాగోష్ఠులలో వినోదానికి, పదిమంది నడుమ రహస్యాన్ని తెలిసినవారికి మాత్రమే తెలియజేయడానికి, ఎదుటివారిని తికమక పెట్టడానికి అవి ఉపయోగపడతాయని వివరించాడు. ఇందులో గోష్ఠి అన్న భావం గమనించదగినది. ప్రహేళిక ఏకాంతంలో పుట్టవచ్చును గాని, దాని ఆనందం పదిమందిలో పండుతుంది.

నేటి గళ్ళ రూపం పడమటి నుండి వచ్చింది. ఆర్థర్ విన్ అన్న పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకారంలో ఒక పదవినోదాన్ని ప్రకటించాడు. అది నిఘంటువు అర్థాల మీద నడిచిన ఆట. 1926 నుండి ఇంగ్లండులోని అబ్జర్వర్ పత్రికలో పోవిస్ మాథర్స్ అన్న పండితుడు టార్క్వెమడా అన్న మారుపేరుతో దానికి మెలిక వేశాడు. ఆధారం పైకి ఒక అర్థం చెబుతుంది, లోపల మరొక దారి చూపుతుంది. వేయిన్నొక్క రాత్రుల కథలను ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు కూడ ఈ మాథర్సే కావడం విశేషం. కథలోపల కథను దాచే ఆ గ్రంథాన్ని అనువదించిన చేయే మాటలోపల మాటను దాచే ఆటకు రూపం దిద్దింది.

ఈ మెలికల ఆటను తెలుగు చేయడం అనువాదంతో సాధ్యమయ్యే పని కాదు. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం చొప్పున అచ్చులు, హల్లులు విడివిడిగా నిలుస్తాయి. తెలుగులో గుణింతంతో, ఒత్తుతో కూడిన పూర్తి అక్షరం ఒక్క గడిలో కూర్చుంటుంది. స్త్రీ అన్న మాటలో ఎన్ని హల్లులున్నా ఒకే గడి. అందుచేత అడ్డం, నిలువు కలిసే చోట హల్లు కలిస్తే చాలదు, గుణింతం కూడ కలవాలి. ఉర్దూలో మరొక చిక్కు కలదు. అక్కడ హ్రస్వస్వరాలు సాధారణంగా వ్రాతలో కనబడవు, గళ్ళు కుడి నుండి ఎడమకు నిండుతాయి. ఏ భాషకు ఆ భాష తన ఆటను తన స్వభావం నుండి కట్టుకోవలసిందే.

ఆధారం పని చేసే తీరును విద్యార్థుల సౌకర్యార్థం మేము కూర్చిన రెండు ఉదాహరణలతో వివరిస్తాము. తల తిరిగితే తీగ. ఇది ఆధారం, జవాబుకు రెండు గళ్ళు. చదవగానే కళ్ళు తిరిగిన మనిషి గుర్తుకు వస్తాడు. ఆ మనిషిని మరచిపోండి. తల అన్న మాటను వెనుకకు తిప్పండి. లత వస్తుంది. లత అంటే తీగ. ఇక రెండవది. కల చివరకు సున్న అయితే చేత మిగిలేది. దీనికీ రెండు గళ్ళే. ఆశలు అడుగంటిన అభాగ్యుని కథవలె వినబడుతుంది. కాని కల అన్న మాట చివర సున్నను, అనగా పూర్ణానుస్వారాన్ని చేర్చితే కలం అవుతుంది. సున్న చేరినా గళ్ళ సంఖ్య పెరగలేదు. ఇది తెలుగు లిపి ఇచ్చిన సౌలభ్యం. ఆధారంలో ఒక్క మాట కూడ అబద్ధం కాదు, అయినా మనస్సు మొదట ప్రక్కదారి పట్టింది. మెలిక గల ఆధారానికి ఇదే ధర్మం. దారి మళ్ళించవచ్చును గాని, మోసం చేయరాదు.

శ్రీశ్రీ చేతిలో ఆధారం కేవలం నిఘంటువు వరుసగా మిగలలేదు. పురాణం, రాజకీయం, సినిమా, వీధిలోని వాడుకమాట అన్నీ అందులో కలిసిపోయాయి. శ్లేష, వ్యంగ్యం, విరుపు ఆయనకు సహజమైన ఆయుధాలు. పాఠకుడు పండితుడు కానవసరం లేదు, మెలకువతో ఉంటే చాలు. రాఘవపాండవీయంలో పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణ భారత కథలు రెండింటిని పలికించి పండితులను ఆశ్చర్యపరిచాడు. ఆ రెండర్థాల విద్యను కొద్దిపాటి వెలకు దొరికే వారపత్రికలోకి దింపి, గుమాస్తాకు, గృహిణికి, విద్యార్థికి అందించడం కూడ సాహిత్యాన్ని ప్రజలకు చేర్చడమే. కవిత్వంలో చేసిన పనినే ఆయన ఆటలోను చేశారన్న మా అభిప్రాయానికి ఇది ఆధారం.

ఈ కృషిలో ఆయనకు తోడుగా నిలిచినవాడు బంధువర్గంలోని ఆరుద్ర. శ్రీశ్రీకి మేనల్లుడు వరుస అయిన ఆరుద్ర (1925–1998) గళ్ళ నుడికట్టు అన్న అచ్చతెనుగు పేరుతో పదవినోదాలను కూర్చి పాఠకలోకాన్ని అలరించారు. సమగ్రాంధ్ర సాహిత్యం వంటి బృహద్గ్రంథాన్ని రచించిన పరిశోధకుడు గళ్ళ ఆటను చిన్నచూపు చూడలేదు. మామ సంస్కృతపదంతో పేరు పెడితే అల్లుడు తెలుగుపదంతో పేరు పెట్టాడు. నేటికీ తెలుగువారు ఆ రెండు పేర్లనూ వాడుతూనే ఉన్నారు.

గోష్ఠి – పందెం

గళ్ళ ఆటలోని సామాజిక విలువను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. ఒక ప్రహేళికను ఒక్కడే పూర్తి చేయడం కష్టం. ఒకనికి పురాణాలు తెలుసు, మరొకనికి చెట్లపేర్లు తెలుసు, వేరొకనికి పాత సినిమాలు కంఠస్థం. పఠనమందిరంలోనో, వసతిగృహపు వరండాలోనో నలుగురు చేరి ఒకే పత్రిక మీదకు వంగినప్పుడు, ఒకరి అజ్ఞానాన్ని మరొకరి జ్ఞానం పూరిస్తుంది. జవాబు దొరికిన పిమ్మట కూడ చర్చ ఆగదు. ఆధారం న్యాయమైనదేనా, మాట వాడుకలో ఉన్నదేనా, మరొక జవాబు పొసగదా అన్న వాదం సాగుతుంది. వాదంలో గెలుపు వయస్సును బట్టి, కులమతాలను బట్టి, హోదాను బట్టి రాదు. గళ్ళలో అక్షరం ఇముడుతుందా లేదా అన్నదే తీర్పు.

ఈ ఆటకు ఒక చీకటి ముఖం కూడ ఉండేది. డబ్బు బహుమతుల ఆశ చూపి ప్రవేశరుసుము వసూలు చేసే పదపోటీలు దేశమంతట ప్రబలాయి. ఉర్దూ పత్రికలలో ముఅమ్మా అన్న పేరుతో అవి ఎంతో ప్రచారం పొందాయి. ఒకే ఆధారానికి రెండు మూడు జవాబులు సమానంగా పొసగేటట్లు కూర్చి, ఏది సరియైనదో అదృష్టానికి వదలివేసే పోటీలు జూదానికి దగ్గర చుట్టాలు. 1955లో కేంద్ర ప్రభుత్వం బహుమతి పోటీల చట్టాన్ని చేసి, నెలకు మొత్తం బహుమతి 1000 రూపాయలు మించరాదని పరిమితి విధించింది. 1957లో సుప్రీం కోర్టు ఆ చట్టం జూదపు స్వభావం గల పోటీలకే వర్తిస్తుందని, నైపుణ్యం ప్రధానంగా గల పోటీలకు వర్తించదని స్పష్టం చేసింది. నిజమైన ప్రహేళికకు, జూదానికి గల భేదం ఇందులోనే ఉన్నది. మంచి ఆధారానికి జవాబు ఒక్కటే, అది తెలిసిన తరువాత వేరొకటి కాదని మన బుద్ధి తానే ఒప్పుకుంటుంది.

ప్రజ – సిప్రాలి

శ్రీశ్రీ పదక్రీడ గళ్ళతో ముగియలేదు. పాఠకుల ప్రశ్నలకు సమాధానాలిచ్చే శీర్షికను ఆయన ప్రజ అన్న పేరుతో నడిపారు. ప్రశ్నలు, జవాబులు అన్న రెండు మాటల తొలి అక్షరాలే ప్రజ. ఈ రెండక్షరాల వద్ద మన కళాశాల విద్యార్థులు ఒక్క నిమిషం ఆగాలని మా కోరిక. ప్రశ్న సంస్కృతపదం. జవాబు అరబీ మూలం నుండి ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడిన పదం. ఒకదాని తల, మరొకదాని తల కలిస్తే ప్రజ అయింది. ఉత్తరం అనో సమాధానం అనో వ్రాసి ఉంటే ఆ పేరు సిద్ధించేది కాదు. తెలుగు ప్రజ ఎవరన్న ప్రశ్నకు పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. ఆ పేరును విప్పి చూస్తే చాలు.

ఆంగ్లంలోని లిమరిక్కు అన్న ఐదు పాదాల హాస్యపద్యాన్ని ఆయన లిమఋక్కు చేశారు. వేదంలోని ఋక్కు వచ్చి ఇంగ్లీషు మాట చివర కూర్చున్నది. సిరిసిరిమువ్వ మకుటంతో కందపద్యాలు, ప్రాసక్రీడలు, లిమఋక్కులు మూడింటిని కలిపి సిప్రాలి అన్న సంపుటిగా వెలువరించారు. మూడు పేర్ల మొదటి అక్షరాలే ఆ గ్రంథం పేరు. ఖడ్గసృష్టి వ్రాసి 1966లో సోవియట్ భూమి నెహ్రూ బహుమతి అందుకున్న చేతులే, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షత వహించిన చేతులే ఈ ఆటలు ఆడాయి. 1972లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. ఇన్ని గౌరవాలు వచ్చినా, ఆయన జీవితం ఆర్థికమైన ఒడిదుడుకుల నుండి, అనారోగ్యం నుండి, వివాదాల నుండి విముక్తి పొందలేదు. కష్టకాలంలో కూడ మాటతో ఆడుకొనే ఓపిక మాత్రం తరగలేదు. 1983 జూన్ 15న మద్రాసులో ఆయన కన్నుమూశారు.

విప్లవకవికి ఇటువంటి వినోదాలు తగునా అని ఆక్షేపించేవారు ఉండవచ్చును. మా సమాధానం ఇది. కమ్మరి కొలిమి దగ్గర కత్తి ఒక్కటే తయారుకాదు, పిల్లలు ఆడుకొనే బొంగరపు ములికి కూడ తయారవుతుంది. ఇనుము ఒకటే, చేయి ఒకటే. పదాల బరువు, అంచు, లోపలి ఖాళీ తెలియని కవి ఎంతటి ఆవేశం కలవాడైనా అతని వాక్కు గురి తప్పుతుంది.

మనకు ఏమి పాఠం?

మన పెద్దతిప్పసముద్రం కర్ణాటక సరిహద్దుకు చేరువలోని సీమ. ఇక్కడ బజారులో తెలుగు, సంతలో కన్నడం, ఇంటిలో దక్కనీ ఉర్దూ వినబడతాయి. ఊరిపేరు కూడ ఒక పొడుపుకథయే. పేరులో సముద్రం ఉన్నది గాని ఉప్పు లేదు, ఓడ లేదు. చెరువును సముద్రమని పిలుచుకొనడం నీటివిలువ తెలిసిన రాయలసీమ మర్యాద. ఇటువంటి ఊరిలో చదివే విద్యార్థి మూడు భాషల మధ్య నలిగిపోతున్నానని బాధపడనవసరం లేదు. గళ్ళు పూరించేవానికి మూడు భాషలు మూడు సంచుల మాటలు.

ఉర్దూ మాతృభాషగా గల మన విద్యార్థులలో కొందరు తెలుగును పరాయి భాషగా, కేవలం మార్కులకై చదువవలసిన భాషగా భావించడం మేము తరగతిలో గమనిస్తున్నాము. వారికి మా మనవి. అమీర్ ఖుస్రో (1253–1325) పేరు మీద ప్రచారంలో ఉన్న పహేలీలను మీ ఇళ్ళలో పెద్దలు చెప్పగా వినే ఉంటారు. రెండు వేర్వేరు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చే దో సుఖనే అన్న ప్రక్రియ కూడ ఆయనదేనని ప్రతీతి. గళ్ళ ఆటలోని శ్లేషాధారం దానికి తోబుట్టువు. మీ అవ్వ చెప్పిన పహేలీ, మీ స్నేహితుని అవ్వ చెప్పిన పొడుపుకథ ఒకే బడిలో చదువుకున్నవి. పైన మేము ఇచ్చిన రెండవ ఆధారాన్ని మరల చూడండి. కల తెలుగింటి మాట. దానికి సున్న చేర్చగా వచ్చిన కలం అరబీ నుండి ఖలమ్‌గా బయలుదేరి మన బడిలో కలమై స్థిరపడిన మాట. రెండింటి నడుమ దూరం ఒక్క సున్న.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక చిన్న విన్నపం. వారానికి ఒక తెలుగు ప్రహేళికను, ఒక ఉర్దూ ముఅమ్మాను ప్రకటన ఫలకం మీద ప్రక్కప్రక్కన ఉంచే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. గళ్ళు గీసిన కాగితాలు, గ్రంథాలయంలో అందుబాటులో ఉండే రెండు నిఘంటువులు చాలును. డబ్బు బహుమతి వద్దు. తెలుగు తెలిసినవాడు ఉర్దూ తెలిసినవానిని అడగక తప్పని విధంగా ఆధారాలు కూర్చితే, స్నేహమే బహుమతి అవుతుంది.

విద్యార్థులారా, శ్రీశ్రీని వేదికల మీద ఆవేశంతో చదవండి, తప్పులేదు. కాని అప్పుడప్పుడు ఒక పెన్సిలు చేతబట్టి, ఇద్దరు మిత్రులను వెంట కూర్చోబెట్టుకొని, ఆయన ఇష్టపడిన గళ్ళ ముందు కూడ కూర్చోండి. ఒక్క అక్షరం కోసం అరగంట వెదికినవాడు మాటను ఎన్నడూ వృథాగా వాడడు. మాట విలువ తెలిసినవాడు మనిషి విలువను కూడ తెలుసుకొంటాడు. ఆ మహాకవికి మనం అర్పించగల నివాళి ఇంతకంటె వేరొకటి లేదు.